పని పోతే ఈఎస్ఐ ఇచ్చే సగం జీతం: పాలమూరు, నల్లగొండ కార్మికులకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా కంపెనీల్లో, కొత్తూరు, షాద్‌నగర్ ఫ్యాక్టరీల్లో, ఇటు చౌటుప్పల్, చిట్యాల, బీబీనగర్ వైపు కెమికల్, ప్యాకింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ల జీతం చీటీలో ఈఎస్ఐ (కార్మికుల బీమా) పేరుతో ఒక కోత ఉంటుంది. 15,000 జీతానికి కార్మికుడి వాటా 0.75 శాతం, అంటే నెలకు 113 రూపాయలు. యజమాని 3.25 శాతం, అంటే ఇంకో 488 కడతాడు. ఇది దవాఖాన కోసమే అని అందరూ అనుకుంటారు. అదే చందా మీద, పని పోయినవాళ్లకు 90 రోజుల దాకా సగం జీతం ఇచ్చే పథకం ఒకటుంది. దాని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులై 1న మొదలైంది. మొదట్లో సగటు సంపాదనలో 25 శాతమే ఇచ్చేవాళ్లు. కరోనా ఏడాది 2020లో దాన్ని 50 శాతం చేశారు, షరతులూ సడలించారు. ఆ సడలింపులను కొంతకాలం చొప్పున పొడిగిస్తూ వస్తున్నారు. అందుకని దరఖాస్తు పెట్టే రోజున ఏ లెక్క నడుస్తుందో ముందు అడిగి తెలుసుకోవాలి.

ఈ సేవ బాగుందా లేదా అని రూపాయల్లో మాత్రమే కొలిస్తే అన్యాయమైపోతుంది. పని పోయినప్పుడు మనిషికి ఏమేం పోతాయో చూసి, వాటిలో ఇది ఎన్నిటిని కాపాడుతుందో లెక్కపెట్టాలి.

1929-30లో ఆస్ట్రియాలో, వియన్నాకు దగ్గర్లో మరియంథాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడింది. ఊరంతా ఆ మిల్లు మీదే బతికేది. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు తమ బృందంతో వెళ్లి ఇంటింటి సంగతులు రాసుకున్నారు. కావలసినంత తీరిక దొరికింది కాబట్టి జనం ఎక్కువ చదివి ఉంటారని మనం అనుకుంటాం. కానీ ఊరి లైబ్రరీలో చందా తీసేసినా, జనం తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్ల నడక నెమ్మదించింది, దారిలో ఊరికే ఆగడం ఎక్కువైంది. పొద్దుట్నించి ఏం చేశావని అడిగితే చెప్పడానికి ఏమీ దొరికేది కాదు. ఆడవాళ్లకు ఇంటి చాకిరీ ఎప్పటిలాగే ఉంది. అయినా మళ్లీ మిల్లుకు పోవాలని వాళ్లు కోరుకున్నారు, అదీ డబ్బు కోసమే కాదు. యహోడా తర్వాతి కాలంలో దీన్ని తేల్చి చెప్పింది. జీతం ఒక్కటే కాక పని మనిషికి ఐదు ఇస్తుంది: రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషులు, పదిమందితో కలిసి చేస్తున్నామన్న భావన, నలుగురిలో ఒక గుర్తింపు, చేతికి మనసుకి వ్యాపకం.

పోలేపల్లి లెక్కలో చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. పొద్దుటి ‘ఏ’ షిఫ్ట్ ఉన్నవాళ్లు నాలుగున్నరకు లేచి, డబ్బా కట్టుకుని, కంపెనీ బస్సు వచ్చేలోపు రోడ్డు మీద ఉండాలి. బస్సులో ఎవరి సీటు వాళ్లకుంటుంది. ఫోర్‌మన్ తిట్లు, క్యాంటీన్ చాయ్, ఓటీ గంటల లెక్క, పదో తారీఖు జీతం, అన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. కాంట్రాక్టర్ ఒక రోజు ఫోన్ చేసి ‘రేపటి నుంచి రాకండి, ఆర్డర్లు లేవు’ అంటే జీతంతోపాటు ఇవన్నీ ఒకేసారి పోతాయి. పదో రోజుకల్లా హోటల్ దగ్గర ‘ఏమన్నా, డ్యూటీకి పోతలేవా?’ అని అడగడం మొదలవుతుంది. జవాబు చెప్పలేక మనిషి ఆ దారినే పోవడం మానేస్తాడు. ప్రపంచమంతటి నుంచి వందలాది అధ్యయనాలను ఒక్కచోట చేర్చి 2009లో అచ్చయిన ఒక పరిశీలన ప్రకారం, పని ఉన్నవాళ్లలో మానసిక ఇబ్బందులున్నవారు సగటున 16 శాతం ఉంటే, పని లేనివాళ్లలో 34 శాతం ఉన్నారు. జర్మనీలో వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2004లో వెలువడిన ఇంకో అధ్యయనంలో, మళ్లీ ఉద్యోగం దొరికినా చాలామంది జీవితం మీద సంతృప్తి మునుపటి స్థాయికి పూర్తిగా రాలేదు. అందువల్ల పని పోయిన మొదటి వారాల్లోనే మనిషికి ఆసరా అందాలి. ఈ పథకాన్ని ఆ దృష్టితోనే చూస్తున్నాం.

ముందు డబ్బు సంగతి. సగం జీతం అంటే ఆఖరి నెల జీతంలో సగం అనుకుని చాలామంది బోల్తా పడతారు. లెక్క వేరే ఉంది. వెనకటి నాలుగు కాంట్రిబ్యూషన్ కాలాల్లో (చందా లెక్కకు ఆరు నెలలొక కాలం), అంటే రెండేళ్లలో, మొత్తం ఎంత సంపాదించారో కూడి 730తో భాగిస్తారు. వచ్చినదాంట్లో సగం రోజుకు ఇస్తారు. నెలకు 15,000 చొప్పున 24 నెలలూ ఖాళీ లేకుండా చేసినవాళ్లకు మొత్తం 3,60,000. రోజు సగటు 493 రూపాయలు, సగం 246 రూపాయల 57 పైసలు. 90 రోజులకు 22,192 రూపాయలు. అదే జీతం మీద రెండేళ్లలో 14 నెలలే పని దొరికినవాళ్లకు మొత్తం 2,10,000. భాగించేది మాత్రం 730తోనే. రోజుకు 143 రూపాయల 84 పైసలు, 90 రోజులకు 12,945. నడుమ బ్రేకులిచ్చే కాంట్రాక్ట్ కింద చేసేవాళ్లకు చేతికొచ్చేది సగం కాదు, నెల జీతంలో మూడో వంతు కూడా ఉండదు. నిలకడ లేని పనితో ఎక్కువ నలిగేది వాళ్లే, తక్కువ అందేదీ వాళ్లకే. ఈ పథకంలో మాకు మింగుడుపడని మొదటి విషయం ఇది.

అయినా పన్నెండు వేలు తక్కువని వదిలేయాల్సిన సొమ్ము కాదు. పని పోయిన ఇంట్లో మొదట తెగేది మహిళా సంఘం కిస్తీ, ఆ తర్వాత చిట్టీ, బండి ఈఎంఐ. సంఘం కిస్తీ ఆగితే మాట పడేది ఇంటావిడ, అదీ పదిమంది ఆడవాళ్ల మధ్య కూర్చున్నప్పుడు. భర్త పని పోయిన సంగతి ఊరందరికీ తెలిసేది అక్కడే. నెలకు నాలుగైదు వేలు వచ్చి ఆ కిస్తీ ఒక్కటి నిలబడినా ఇంట్లో రోజూ పడే కొట్లాట చాలా తగ్గుతుంది. పైగా ఇది అప్పూ కాదు, దయతో ఇచ్చే భిక్షమూ కాదు. మీ జీతంలో కోసుకున్న చందా మీద వచ్చే బీమా. పని పోయి తల దించుకుని తిరిగే మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

అర్హత దగ్గరికొద్దాం. కాంట్రిబ్యూషన్ కాలాలు ఏడాదికి రెండు: ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30, అక్టోబర్ 1 నుంచి మార్చి 31. పని పోవడానికి ముందటి కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. దానికి ముందరి మూడు కాలాల్లో ఏదో ఒకదాంట్లో ఇంకో 78 రోజులు ఉండాలి. పని లేకుండా 30 రోజులు గడవాలి. పని పోయిన నాటి నుంచి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. గడిచిన రోజులకే ఇస్తారు, రాబోయే రోజులకు ముందస్తుగా ఇవ్వరు. దుష్ప్రవర్తన పేరుతో తీసేసినా, వయసు నిండి రిటైరైనా, మీకై మీరు మానేసినా రాదు. లాకౌట్‌లో ఉన్నా, చట్టవిరుద్ధమని ప్రకటించిన సమ్మెలో ఉన్నా రాదు. రెండు చోట్ల పని చేస్తుంటే రెండు చోట్లా పోయి ఉండాలి. మధ్యలో ఇంకో పనిలో చేరితే ఆ రోజు నుంచి ఆగిపోతుంది. ఇదే సమయంలో ఈఎస్ఐ నుంచి జబ్బు భత్యం లాంటి ఇంకో నగదు సాయం కూడా తీసుకోవడం కుదరదు. ముఖ్యంగా, ఇది జీవితంలో ఒక్కసారే.

దరఖాస్తు పద్ధతి మునుపటికంటే చాలా మెరుగైంది, ఆ మాట ఒప్పుకోవాలి. మొదట్లో యజమాని చేత ధ్రువీకరణ రాయించుకురావాలి, స్టాంపు కాగితం మీద అఫిడవిట్ ఇవ్వాలి. గేటు పాస్ బందైన మనిషి మళ్లీ అదే గేటు ముందు సంతకం కోసం నిలబడడం ఎంత నామోషీయో చెప్పనక్కర్లేదు. 2020 సడలింపులతో ఆ రెండూ పోయాయి. ఇప్పుడు కార్మికుడే ఈఎస్ఐని నడిపే సంస్థ ఈఎస్ఐసీ వెబ్‌సైట్‌లో తన పది అంకెల ఇన్సూరెన్స్ నంబర్‌తో లాగిన్ అయి క్లెయిమ్ నింపొచ్చు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేసి ఎక్కిస్తే చాలు. యజమానితో సరిచూసుకునే బాధ్యత బ్రాంచి ఆఫీసుది. సొమ్ము నేరుగా ఖాతాలో పడుతుంది. నెట్ సెంటర్‌లో నింపించుకునేవాళ్లు ఒక ప్రింట్ తీసి, సంతకం పెట్టి, బ్రాంచి ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకుంటే మంచిది. మీ బ్రాంచి ఏదో ఈ-పెహచాన్ కార్డు (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) మీదే ఉంటుంది.

ఇంత సులువైనా క్లెయిములు తిరిగొస్తాయి. ఎక్కువగా చెడేది దరఖాస్తులో కాదు, పనిలో ఉన్న రోజుల్లోనే చెడిపోయి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు కోడ్. యజమాని ప్రతి నెలా చందా ఎక్కించేటప్పుడు, ఆ నెల ఒక్క రోజూ పని చేయని మనిషి పేరు ఎదురుగా సున్నా రోజులు వేసి, ఎందుకో ఒక అంకె వేయాలి. 1 అంటే సెలవులో ఉన్నాడని. 2 అంటే పని మానేశాడని. 3 రిటైరయ్యాడని, 10 సిబ్బంది తగ్గింపులో తీసేశారని, 11 పని లేదని. కాంట్రాక్టర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి ఇవన్నీ ఒకటే. ఆర్డర్లు లేక 40 మందిని ఆపేసినా అందరికీ 1 కొట్టి పంపుతాడు. దాంతో రికార్డులో మీరు ఇంకా కొలువులోనే ఉన్నట్టు, సెలవు మీద ఉన్నట్టు కనిపిస్తుంది. ‘పని పోయింది’ అని మీరంటే ‘లేదు, సెలవులో ఉన్నాడు’ అని సిస్టమ్ అంటుంది. 2 వేస్తే కనీసం ఆఖరి పని దినం ఎక్కుతుంది, ఎప్పటి నుంచి ఖాళీగా ఉన్నారో తేలుతుంది. కానీ మీకై మీరు మానేశారా అన్న ప్రశ్న మిగులుతుంది. నిజానికి వేయాల్సింది 10. అందుకే పని ఆపేసిన నెల దాటగానే లాగిన్‌లో చందా వివరాలు తెరిచి చూసుకోవాలి. తప్పుంటే కాంట్రాక్టర్‌కు వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా అడగాలి, ఆ మెసేజ్‌ను దాచిపెట్టాలి. నోటిమాటతో అడిగినదానికి సాక్ష్యం ఉండదు.

రెండోది రాజీనామా కాగితం. ‘ఫుల్ సెటిల్‌మెంట్ కావాలంటే ఇక్కడ సంతకం పెట్టు’ అని ముందే టైపు చేసిన కాగితం చేతికిస్తారు. అందులో ‘నా సొంత కారణాల వల్ల స్వచ్ఛందంగా మానేస్తున్నాను’ అని ఉంటుంది. ఆ ఒక్క వాక్యం 22,000 రూపాయలను తీసుకుపోతుంది. చదవకుండా సంతకం పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే సంతకం పక్కన ‘పని లేదని యాజమాన్యం ఆపినందున’ అని మీ చేతిరాతతో రాసి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

మూడోది రెండు ఇన్సూరెన్స్ నంబర్లు. కొత్త కాంట్రాక్టర్ కింద చేరిన ప్రతిసారీ పాత నంబర్ చెప్పకపోతే కొత్తది పుట్టిస్తారు. ఒక నంబర్ మీద 60 రోజులు, ఇంకోదాని మీద 50 రోజులు పడితే, నిజంగా 110 రోజులు పని చేసినా దేని మీదా 78 నిండదు. బ్రాంచి ఆఫీసులో రెండూ కలపమని దరఖాస్తు ఇవ్వొచ్చు, కానీ దానికి టైం పడుతుంది. పనిలో ఉన్నప్పుడే చేయించుకోవాల్సిన పని ఇది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఈఎస్ఐలో వెనక ఉండడం, పుట్టిన తేదీ జనవరి 1 అని పడి ఉండడం, పాత ఫోన్ నంబర్‌కు ఓటీపీ పోవడం కూడా ఇలాంటివే. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఖాతాలో సొమ్ము పడడం ఆగిపోవచ్చు.

జీతంలో కోసుకుని ఈఎస్ఐకి కట్టని కాంట్రాక్టర్లూ ఉన్నారు. ఇక్కడ కార్మికుడికి ఒక రక్షణ ఉంది: నిబంధనలో చందా ‘కట్టినదైనా, కట్టాల్సినదైనా’ లెక్కలోకొస్తుంది. కాబట్టి కట్టలేదన్న మాటతో వెనక్కి రానక్కర్లేదు. ఆ రోజులు పని చేశారని చూపించడానికి జీతం చీటీలు, హాజరు కార్డు, బ్యాంకులో జీతం పడిన వివరాలు కావాలి. చేతికి నగదు ఇచ్చే చోట పనిచేసేవాళ్లు హాజరు రిజిస్టర్ పేజీనైనా నెలకోసారి ఫొటో తీసి పెట్టుకోవాలి.

ఇప్పుడు ఆ 30 రోజుల ఎదురుచూపు గురించి. మొదట 90 రోజులు ఉండేది, దాన్ని 30 చేశారు, సంతోషమే. కానీ క్యాలెండర్ మీద పెట్టి చూడండి. జూన్ 1న పని పోయిందనుకుందాం. మే జీతం జూన్ 10న వస్తుంది, ఆ నెల ఎలాగో గడుస్తుంది. జులైలో దరఖాస్తు పెడితే, అన్నీ సరిగ్గా ఉంటే పదిహేను రోజుల్లో సొమ్ము పడాలి. కోడ్ దగ్గర చిక్కొస్తే ఆగస్టు. అదే జూన్‌లో బడులు తెరుస్తారు, ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు. వానలు పడితే కౌలుకు పట్టిన రెండెకరాలకు పత్తి గింజలు కావాలి. అంతా కలిసి మొదటి నెలన్నర మీదే పడుతుంది, సాయం మాత్రం ఆ తర్వాత వస్తుంది. ఆ నడుమ వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చడానికే ఈ సొమ్ము సరిపోతుంది. ఏడు రోజుల నిరీక్షణ పెట్టి, మొదటి నెల సొమ్ము ముందు ఇచ్చి, పరిశీలన వెనక చేసుకుంటే ఇదే ఖర్చుతో రెట్టింపు మేలు జరుగుతుందని మా గట్టి నమ్మకం.

డబ్బు కంటే విలువైనది ఒకటి ఇందులో ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. ఈ సాయం అందుతున్నన్నాళ్లు కార్మికుడికి, కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. అసలు ఈ పథకం జోలికి పోకపోయినా, పని పోయిన మరునాడే కార్డు చచ్చిపోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టిన చందాకు ప్రయోజన కాలం ఆ మరుసటి జనవరి నుంచి జూన్ దాకా. అక్టోబర్ నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబర్ దాకా. అంటే సెప్టెంబర్ దాకా 78 రోజులు నింపి అక్టోబర్‌లో పని పోగొట్టుకున్న మనిషి మరుసటి జూన్ ఆఖరు వరకు వైద్యానికి వెళ్లొచ్చు. షుగర్ మాత్రలు, అమ్మ బీపీ మాత్రలు కొనుక్కోవడం మానేసిన ఇళ్లు ఎన్నో. డిస్పెన్సరీలో అడిగితే ఇస్తారని తెలియకే మానేస్తారు. నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, చిన్న మాటకే పిల్లల మీద అరవడం లాంటివి రెండు వారాలు దాటి ఉంటే అది కూడా జబ్బే. సనత్‌నగర్ ఈఎస్ఐసీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్యం దొరుకుతుంది. అంత దూరం పోలేనివాళ్లు 14416కు ఫోన్ చేయొచ్చు. అది టెలీ మానస్, కేంద్రం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. తాగితేనే నిద్ర పట్టే అలవాటు మొదలైతే, కొత్త పని దొరికినా పొద్దున లేచి పోలేని స్థితి వస్తుంది.

ఇక ఈ పథకం ముట్టుకోని భాగం. యహోడా చెప్పిన ఐదింటిలో ఇది ఒక్కదాన్నీ నేరుగా తిరిగివ్వదు. క్లెయిమ్ పెట్టాక కార్మికుడికి ఎవరూ ఫోన్ చేయరు, ఎక్కడ పని ఉందో చెప్పరు, పలానా రోజు రమ్మని పిలవరు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు పని పోయినవాళ్ల కోసం ఒక వారం కార్యక్రమం నడిపారు. ఐదు పూటలు గుంపుగా కూర్చోబెట్టి పని ఎలా వెతకాలి, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి, వద్దంటే దెబ్బ తినకుండా మళ్లీ ఎలా అడగాలి అన్నవి సాధన చేయించారు. ఆ గుంపులో కూర్చున్నవాళ్లకు పని త్వరగా, మెరుగైనది దొరికింది, కుంగుబాటు తగ్గింది. అన్నిటికంటే ఎక్కువ కుంగిపోయి ఉన్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. ఖర్చు పెద్దగా లేదు: ఒక గది, ఇద్దరు మనుషులు, ఐదు పూటలు. జడ్చర్లలోనో చౌటుప్పల్‌లోనో నెలకు ఒక్కసారి క్లెయిమ్ పెట్టినవాళ్లను పిలిచి ఇది చేయొచ్చు. బీమా సంస్థ దగ్గర అందరి ఫోన్ నంబర్లూ ఉన్నాయి, ఎవరికి ఎప్పుడు పని పోయిందో అందరికంటే ముందు తెలిసేదీ దానికే. వాడుకోవడం లేదు.

ఆ లోటును కార్మికులే కొంత పూడ్చుకోవచ్చు. చుట్టుపక్కల పని లేనివాళ్లు ఎక్కువ ఉన్నచోట, పని పోయిన మనిషికి ఆ బాధ కొంత తక్కువ తగులుతుందని బ్రిటన్ సమాచారం మీద చేసిన పరిశోధనలో తేలింది. కారణం తేలికే. ‘నాకే ఎందుకిట్లయింది’ అన్న ప్రశ్న అక్కడ ఉండదు. ఒకే లైన్ నుంచి 30 మందిని ఆపేసినప్పుడు ఎవరి ఇంట్లో వాళ్లు తలుపేసుకుని కూర్చోకుండా, ఒక వాట్సాప్ గుంపు పెట్టుకుని, ఒకే రోజు బ్రాంచి ఆఫీసుకు వెళ్లండి. కోడ్ తప్పు పడితే 30 మందికీ ఒకేసారి సరిచేయించడం సులువు. ఎక్కడ మనుషులు కావాలంటున్నారో ఒకరికి తెలిస్తే అందరికీ తెలుస్తుంది. బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషిని వారానికోసారైనా చూస్తారు.

ఆడవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ప్యాకింగ్ సెక్షన్‌లో, స్పిన్నింగ్ మిల్లులో పని పోయిన ఆడమనిషిని ‘ఇంట్లో పని ఉండనే ఉంది కదా, ఇప్పుడేమైంది’ అంటారు. ఆమెకు పోయింది తన పేరు మీద ఖాతాలో పడే జీతం, తోటి ఆడవాళ్ల మధ్య నవ్వుకునే అరగంట భోజనం టైం, ఇంట్లో తన మాటకున్న విలువ. మరియంథాల్ ఆడవాళ్లు మిల్లు కోసం బెంగపడింది ఇందుకే. చాలా ఇళ్లలో భర్త పని పోతేనే క్లెయిమ్ పెడతారు, భార్య పని పోతే అనుకోను కూడా అనుకోరు. ఆమె చందా ఆమెదే, హక్కు ఆమెదే. క్లెయిమ్ సొమ్ము కూడా ఆమె ఖాతాలోనే పడాలి.

ఈ సేవ వెలుపల ఉండిపోయేవాళ్లు మన జిల్లాల్లో ఎంతోమంది. నెల జీతం 21,000 దాటితే ఈఎస్ఐ పరిధి లేదు. అయితే నడిమధ్యలో జీతం పెరిగితే ఆ కాంట్రిబ్యూషన్ కాలం ముగిసేదాకా కొనసాగుతుంది. సీజన్ ఫ్యాక్టరీలను చట్టమే వదిలేసింది. పత్తి జిన్నింగ్ మాత్రమే చేసే మిల్లులు అందులో ఉన్నాయి. నల్లగొండ పత్తి జిల్లా, జిన్నింగ్ మిల్లుల్లో సీజన్ అయిపోగానే మనుషులను పంపించేస్తారు. ఏటా ఖచ్చితంగా పని పోయేవాళ్లకే ఈ బీమా లేదు. మిర్యాలగూడ మిల్లుల దగ్గర బస్తాలు మోసే హమాలీలు, పొద్దున అడ్డా మీద నిలబడే కూలీలు, పాలమూరు నుంచి ముంబై, పుణె పోయి కట్టడాల్లో చేసే లేబర్‌లో ఎక్కువమంది దీనికి దూరం. డిగ్రీ చేసి గ్రూప్స్‌కు చదువుతూ లైబ్రరీలో కూర్చున్న పిల్లలకు అసలు లేదు, ఎందుకంటే ఇది పని పోయినవాళ్లకే కానీ పని దొరకనివాళ్లకు కాదు. వాళ్ల బాధ ఇంకా పొడుగైనది, అది వేరే రాయాల్సిన విషయం.

ఫ్యాక్టరీయే మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తగ్గింపు) చేసినా, పనికి సంబంధం లేని ప్రమాదంలో 40 శాతం లేదా అంతకు మించి శాశ్వత వైకల్యం వచ్చి పని పోయినా, దీనికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. అది రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, 2005 నుంచి ఉంది. అందులో మొదటి 12 నెలలు 50 శాతం, ఆపై 12 నెలలు 25 శాతం ఇస్తారు. 90 రోజులకూ 24 నెలలకూ పోలికే లేదు. కౌంటర్‌లో ‘నిరుద్యోగ భృతి’ అని మాత్రమే అడిగితే ఏది చేతికొస్తే అది రాసిచ్చే ప్రమాదం ఉంది, అందుకే పేరు పెట్టి అడగండి. మూసివేత నోటీసు, రిట్రెంచ్‌మెంట్ ఉత్తరం నకళ్లు వెంట ఉండాలి.

ఐదుకు మార్కులు వేయమంటే సొమ్ముకు మూడు, దరఖాస్తు పద్ధతికి మూడున్నర, మనిషిని నిలబెట్టే విషయంలో ఒకటి ఇస్తాం. తీసుకోవాలా వద్దా అంటే, తీసుకోవాల్సిందే. పీఎఫ్ విరగ్గొట్టే ముందు ఇది వాడుకోవాలి, పీఎఫ్ మీ ముసలితనం సొమ్ము. ఒక్కసారే దొరుకుతుంది కాబట్టి ఒక విషయం ఆలోచించుకోవాలి. 35, 40 రోజుల్లో ఇంకో కంపెనీలో చేరడం ఖాయమని తెలిసినవాళ్లు కొన్ని రోజుల సొమ్ము కోసం దీన్ని తెరవకపోవడం మేలు. పని దొరికే జాడే లేనివాళ్లు, లేదా నెల దాటినా ఇంట్లోంచి బయటికి రాబుద్ధి కానివాళ్లు ఆలస్యం చేయొద్దు. ఏడాది గడువుందని వాయిదా వేస్తూ పోతే కాంట్రాక్టర్ మారిపోతాడు, రికార్డు సరిచేసే మనిషే దొరకడు.

వెళ్లేటప్పుడు ఆధార్, పాస్‌బుక్, ఈ-పెహచాన్ కార్డు, ఆఖరి ఆరు నెలల జీతం చీటీలు, పని ఆపేసినట్టున్న మెసేజ్ ప్రింట్ పట్టుకెళ్లండి. కౌంటర్ దగ్గర ‘చందా వివరాల్లో నా ఆఖరి పని దినం ఏ తేదీ పడింది, కారణం కింద ఏ కోడ్ ఉంది?’ అని మొదట అడగండి. జవాబు రాకపోతే ఈఎస్ఐసీ టోల్ ఫ్రీ నంబర్ 1800 11 2526.